చదివి వినిపిస్తే ఎవరి ముద్ద తగ్గిందట?

చదవడం రాదని ఒకప్పుడు ఎండలో నిలబెట్టిన మనిషికి, అదే బడివాళ్లు ఉపన్యాసం రాసిచ్చి, వేదికెక్కి చదవమని కాగితం పంపించారు. ఇంకేం చెప్పమంటారు? ఆ కాగితం చూసిన క్షణాన నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటికీ దిగలేదు.

ఆ మనిషి పేరు బీఖిమ్. ఊరందరికీ ఖిమ్ మేస్త్రి. పెళ్లయినా, గృహప్రవేశమైనా, గుడి పండగైనా మా దక్షిణ తైవాన్ పల్లెల్లో హోటలుకు పోయే అలవాటు లేదు. ఇంటి ముందు వీధికి అడ్డంగా షామియానా వేస్తారు, గుండ్రటి టేబుళ్ల మీద ఎర్ర ప్లాస్టిక్ గుడ్డ పరుస్తారు, వంట మేస్త్రి తన పొయ్యిలూ గిన్నెలూ పనివాళ్లతో సహా లారీలోంచి దిగుతాడు. మేస్త్రి అంటే మగవాడే అనుకునేవారు, ఖిమ్ గరిటె పట్టేదాకా. నా పేరు గ్వేహా. ఖిమ్ వాళ్ల నాన్న దగ్గర కూరలు తరగడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఆమె దగ్గర పనిచేసే ఆడవాళ్లందరి మీదా అరవడం నా ఉద్యోగం. అరవడంలో నా తర్వాతే ఎవరైనా అని మా వాళ్లే అంటారు. ఈ సంగతిలో అరవాల్సినవి చాలా ఉన్నాయి కాబట్టి నేను చెప్పడమే న్యాయం.

ఖిమ్ మా ఊరి బడిలోనే చదివింది. చదివింది అంటే వెళ్లింది, వచ్చింది. పుస్తకం తెరిస్తే అక్షరాల గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవట. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ ముక్కూ మొహం తెలియనట్టు చూసేదట. పైకి చదవమంటే నోరు పెగిలేది కాదు. టీచరు చెవి మెలిపెట్టి తీసుకెళ్లి, పిల్లలు కాళ్లు కడుక్కునే కుళాయి పక్కన నిలబెట్టేది. బడి వదిలేదాకా అక్కడే. "ఏయ్ కుళాయి పిల్లా, నీళ్లొస్తున్నాయా, అక్షరాలొస్తున్నాయా?" అని దారినపోయే ప్రతి వెధవా ఏడిపించేవాడు. కొన్నాళ్లకి టీచరు ఆ నిలబెట్టడం కూడా దండగనుకుంది. బడి వంటగదిలో అంట్లు తోమడానికి పంపింది. "దీనికి అదే గతి" అనేదట. పసిదాన్ని పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

వాళ్ల నాన్న ఆబెంగ్ మేస్త్రికి నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఆయనా మొదట్లో కూతుర్ని మొద్దు అనే అనుకున్నాడు. ఒకరోజు సంతకి వెళ్లాల్సిన కొడుక్కి జ్వరం వచ్చింది. ఆయన పొద్దున్నే గంజి తాగుతూ కొనాల్సిన సరుకుల పట్టీ పైకి చదువుకున్నాడు, మధ్యమధ్యలో తనలో తనే గొణుక్కున్నాడు. కాసేపటికి పిల్ల కనపడలేదు. మధ్యాహ్నానికి సైకిలు నిండా సరుకులతో వచ్చింది. ఒక్కటీ తప్పలేదు.

"ఎవరు చదివి పెట్టారే నీకు?" అన్నాడు ఆయన.

"నువ్వే కదా నాన్నా, గంజి తాగుతా చదివావు."

"ఈ ముదురల్లం పట్టీలో లేదే?"

"లేదు. కానీ గొణిగావు. లేతల్లం తెస్తే వాడి చెవులు కోస్తానన్నావు."

ఆబెంగ్ మేస్త్రి చేతిలో గరిటె కింద పెట్టి కూతురి మొహంలోకి చూశాడు. ఆ రోజు నుంచి ఆయన అన్నీ ఆ పిల్లకి పైకి చదివి వినిపించాడు. తిట్టుకుంటూనే చదివాడు, విసుక్కుంటూనే చదివాడు, కానీ చదివాడు. నేను కళ్లారా చూశాను. ఆమెలో ఉన్న తెలివి బయటికి రావడానికి అంతకంటే పెద్ద మంత్రమేదీ వెయ్యలేదు ఎవరూ.

ఇప్పుడు ఖిమ్ పని చేసే పద్ధతి చెప్తాను. మిగతా మేస్త్రులు వంటకాల పట్టీని ఎర్రకాగితం మీద రాసి గుంజకి అంటిస్తారు. వాన పడితే సిరా కారిపోతుంది, పనివాళ్లు "తర్వాతేంటి, తర్వాతేంటి" అని గుంజ చుట్టూ తిరుగుతుంటారు. మా దగ్గర గుంజకి కాగితం ఉండదు. ఖిమ్ పొద్దున్నే వచ్చి స్థలమంతా ఒక చుట్టు చుట్టి, సుద్దముక్కతో నేల మీద గీస్తుంది. పొయ్యిలు ఇక్కడ, సర్దేది అక్కడ, పళ్లేలతో వెళ్లేవాళ్ల దారి ఇది, ఖాళీ చేతులతో వచ్చేవాళ్ల దారి అది. ఆ గీతల మీద నడిస్తే ఒకరినొకరు గుద్దుకునే ప్రశ్నే లేదు. ప్రతి వంటకానికీ ఒక పళ్లెం తనే అందంగా సర్ది పొడుగు బల్ల మీద పెడుతుంది. దాన్ని చూసి మిగతావి అలాగే సర్దాలి. ఇంకో పళ్లెంలో సీసా మూతలుంటాయి. ఒక్కో మూత ఒక్కో టేబులు. తెల్లమూతైతే శాకాహారులు. బోర్లించిన మూతైతే పళ్లు లేని పెద్దవాళ్లు, వాళ్లకి మాంసం మెత్తగా ఉడకాలి.

వియత్నాం నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన హాన్, మా మాటలకి నోరు సరిగ్గా తిరగకముందే, మా దగ్గర మొదటిరోజే అందరితో సమానంగా పని చేసింది. వేరే మేస్త్రి దగ్గరైతే ఆ పిల్ల అంట్ల దగ్గరే ఉండిపోయేది. ఒకసారి పెళ్లి విందు మధ్యలో గాలివాన వచ్చి షామియానా సగం కూలింది. టేబుళ్లన్నీ లాక్కెళ్లి గుడి వసారాలో ఎక్కడ పడితే అక్కడ ఇరికించారు. ఏ టేబులు ఎటుపోయిందో పెళ్లివాళ్లకే తెలియదు. ఖిమ్ వసారా మొదట్లో నిలబడి ఒకసారి చూసి, పళ్లెంలో మూతలు అటూ ఇటూ జరిపింది. శాకాహారుల దగ్గరికి పొరపాటున ఒక్క రొయ్య కూడా పోలేదు.

దీన్ని చూసిన ఒక పత్రికాయన "దేవుడిచ్చిన వరం" అని రాశాడు. వరమట! బజ్జీలా వేయించి చేతిలో పెట్టినట్టు. ఆమె కుళాయి దగ్గర నిలబడి ఏడ్చిన ఏడుపు ఎవరి ఖాతాలో వేస్తారు? చదవడానికి దారి మూసుకుపోతే చూడటానికీ, వినడానికీ, గుర్తుపెట్టుకోవడానికీ దారులు తవ్వుకుంది ఆ మనిషి. గోళ్లతో తవ్వుకుంది. తవ్వినవాళ్లని వదిలేసి దేవుడికి దండ వేస్తే నాకు ఒళ్లు మండదా?

ఖిమ్‌కి ఒక్కతే కూతురు. పేరు జూయున్. నాలుగో తరగతి, అదే బడి. నోరు తెరిస్తే వాగుడుకాయ. మా పనివాళ్లలో ఎవరి చెప్పు ఎక్కడ విడిచారో కూడా చెప్పగలదు. పుస్తకం తెరిస్తే మాత్రం మాట పడిపోతుంది. ఈ ఏడాది పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. ఆదివారం రాదు, సెలవుల్లో రాదు, బడి ఉంటేనే వస్తుంది.

"కుళాయి దగ్గర నిలబెడుతున్నారా నిన్ను?" అని ఖిమ్ అడిగింది.

"లేదమ్మా. ఇప్పుడలా చెయ్యరు. ఆటల టైములో లోపలే కూర్చోబెట్టి తప్పులు మళ్లీ రాయిస్తారు. కిటికీలోంచి అందరూ ఆడుకోవడం కనిపిస్తుంది."

అదీ అభివృద్ధి. ముందు ఎండలో నిలబెట్టేవాళ్లు, ఇప్పుడు ఫ్యాను కింద కూర్చోబెడుతున్నారు.

పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేనూ వెళ్లాను, ఖిమ్ ఒంటరిగా ఆసుపత్రి బోర్డులు చదువుకోలేదు కదా. అక్కడ ఒక డాక్టరమ్మ పిల్లతో బొమ్మలాటలు ఆడించి, కథలు చెప్పించి, అక్షరాలు చూపించి, చివరికి దీన్ని డిస్లెక్సియా అంటారంది. "తెలివికీ దీనికీ సంబంధం లేదమ్మా. అక్షరాన్ని చూసి మాటగా మార్చుకోవడం ఈ పిల్లకి కష్టం, అంతే. వింటే పట్టేస్తుంది. నేర్పే పద్ధతి మార్చాలి. ఈలోపు పరీక్షలో ప్రశ్నలు ఎవరైనా పైకి చదివి వినిపిస్తే చాలు, జవాబులు తనే చెప్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఇది ఎక్కువగా వంశంలో వస్తుంది."

ఖిమ్ ఆవిడ రాసిచ్చిన చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని కొంగు లేని మనిషి కాబట్టి చొక్కా చేతితోనే మొహం తుడుచుకుంది.

"గ్వేహక్కా, నేను మొద్దుని కాదంట" అంది.

"నువ్వు మొద్దువని నేనెప్పుడన్నానే?"

"నువ్వనలేదు. నేననుకున్నాను. ఇన్నాళ్లూ."

అన్ని టేబుళ్లకి అన్నం పెట్టే మనిషి, అంతమంది ఆడవాళ్లకి జీతాలిచ్చే మనిషి, లోపల ఇన్నాళ్లూ ఈ మాట మోసుకు తిరిగింది. ఆ పాత టీచరు చనిపోయింది గానీ, లేకపోతే ఆ రోజే వాళ్లింటి ముందు నిలబడి నా నోటికున్న దురద తీర్చుకునేదాన్ని.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని హెడ్మాస్టరు యెన్ దగ్గరికి వెళ్లాం. ఆయన టీ ఇచ్చాడు, నవ్వాడు, తల ఊపాడు, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"నాకు అర్థమైందమ్మా. కానీ ఒక్కరికి ప్రశ్నలు చదివి వినిపిస్తే మిగతా పిల్లలకి అన్యాయం కదా?"

"జవాబు చెప్పమనట్లేదు సార్. ప్రశ్న చదవమంటున్నాను, అంతే" అంది ఖిమ్.

"ఇవాళ ప్రశ్న అంటారు, రేపింకోటి అంటారు..."

నేనాగలేకపోయాను. "సార్, మా విందుల్లో పళ్లు లేని తాతకి పందికాలు మెత్తగా ఉడికించి విడిగా పెడతాం. పక్కన కూర్చున్న కుర్రాడు నాకన్యాయం జరిగిందని ఎప్పుడైనా ఏడ్చాడా?"

"మీరెవరండీ?"

"కూరలు తరిగేదాన్ని."

"చూడండమ్మా, పరీక్ష వేరు, విందు వేరు."

"వేరే మరి. విందులో ఎదుటివాడి ఆకలి కనపడుతుంది."

ఖిమ్ నా మోచెయ్యి గిల్లింది. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, ఈసారి కూడా పిల్ల పరీక్ష తప్పితే వెనక గదికి మార్చక తప్పదన్నాడు. మెల్లగా నేర్చుకునే పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టామన్నాడు. ఆ ప్రత్యేకమేమిటో ఊళ్లో అందరికీ తెలుసు. కాగితాలు మడతపెట్టిస్తారు, వరండా ఊడిపిస్తారు, ఆ గదిలోకి వెళ్లినవాళ్లు మళ్లీ మామూలు క్లాసుకి రారు. "ఈ పరీక్షకి మాత్రం చదివి వినిపించండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను" అంది ఖిమ్. ఎవరి ముందూ నడుము వంచని మనిషి. "చూద్దాం" అన్నాడాయన.

ఆ తర్వాత కొన్నాళ్లకే బడి వార్షికోత్సవం వచ్చింది. పాత విద్యార్థులంతా తలా ఒక టేబులు ఖర్చు పెట్టుకుని బడి మైదానంలో పెద్ద విందు చేసుకోవడం ఆనవాయితీ. వంట ఖిమ్‌కే అప్పగించారు. దాంతోపాటే ఆ కాగితం వచ్చింది. తెచ్చినవాడు హెడ్మాస్టరు మాటగా చెప్పాడు: "మేస్త్రిగారు వేదికెక్కి ఇది చదవాలట. లోపాన్ని బలంగా మార్చుకున్న పూర్వ విద్యార్థిగా సన్మానమట. కాస్త బాగా మాట్లాడితే పాప విషయం పైవాళ్లతో మాట్లాడటానికి ఆయనకీ బలం వస్తుందట."

చదవలేని మనిషిని, చదవలేకపోవడం గురించి, చదవమని! వాళ్ల బుర్రలో ఇది ఎవరికీ తట్టలేదు. అంతమంది పంతుళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

ఖిమ్ వాళ్ల వంటింట్లో నేనే పైకి చదివాను. "ఈ బడి నన్ను ఏనాడూ చిన్నచూపు చూడలేదు. మా టీచర్లు ఓపికగా నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించారు. వారి చలవ వల్లే నా లోపం నాకు వరంగా మారింది." ఇంకా ఉంది, అదంతా ఆ బాపతే. చదువుతుంటే నా నాలుక చేదెక్కింది. ఖిమ్ బెండకాయలు తుంచుతూ వింది. ఒక్కసారి వింటే ఆమెకి చాలని నాకు తెలుసు. ఆ పూటకే ఉపన్యాసమంతా ఆమె నోట్లో ఉంది.

"అప్పజెప్పేసి వచ్చెయ్యవే. ఒక అబద్ధానికి నోరేమీ అరగదు. పిల్ల పని అవుతుంది" అన్నాను నేను.

"అలాగే అనుకుంటున్నా" అంది ఖిమ్.

జూయున్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు.

"అమ్మా, నీకూ నాలాగే ఉండేదన్నావుగా?"

"అవును."

"నిన్ను టీచర్లు బాగా చూసుకున్నారా? పక్కన కూర్చుని నేర్పించారా?"

ఖిమ్ చేతిలో బెండకాయ ఆగిపోయింది.

"అయితే మంచి పిల్లలకి నేర్పిస్తారన్నమాట. నాదే ఏదో తప్పు" అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఇప్పుడు అర్థమైందన్నట్టు తల ఊపి, పెరట్లోకి వెళ్లిపోయింది.

ఖిమ్ ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది. ఏం చెయ్యబోతోందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

విందు రోజు మైదానం నిండిపోయింది. టపాకాయలు పేల్చగానే మొదటి వంటకం, రొయ్యలూ చేపముక్కలూ సర్దిన చల్లటి పళ్లెం, పంపించాం. తర్వాత పీతల జిగురన్నం. తర్వాత కోడి పులుసు. చేపలు ఆవిరిబుట్టల్లో పెట్టి మూతలు వేసేసరికి మైకులో హెడ్మాస్టరు గొంతు వినిపించింది. "పట్టుదలతో లోపాన్ని వరంగా మార్చుకున్న మన పూర్వ విద్యార్థిని, మనకి ఇవాళ అన్నం పెడుతున్న ఖిమ్ మేస్త్రి!"

ఖిమ్ నాతో "చేప చూసుకో అక్కా, ఎక్కువ ఉడకనివ్వకు" అని, రబ్బరు బూట్లతోనే వేదికెక్కింది. చేపని హాన్‌కి అప్పగించి నేను కూడా వేదిక పక్కకి పరిగెత్తాను. ఉడికితే ఉడకనీ! జూయున్ ముందు వరసలో, తన క్లాసు టీచరు థాంగ్ పక్కన కూర్చుంది. థాంగ్ టీచరుది చిన్న వయసు, చెడ్డ మనిషి కాదు, పైవాళ్లు ఎలా చెప్తే అలా చేసే రకం.

ఖిమ్ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పింది. కంఠస్థం వచ్చు. గడగడా అప్పజెప్పేస్తే ఊరంతా చప్పట్లు కొట్టేది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, "థాంగ్ టీచరమ్మా, ఒకసారి ఇలా పైకి రండి" అంది.

ఆవిడ తడబడుతూ వచ్చింది.

"నాకు చదవడం రాదు. మీరు ఒక్కో మాట చదవండి. నేను జవాబు చెప్తాను."

జనం నవ్వారు. హెడ్మాస్టరు ఇదేదో ముచ్చటగా ఉందనుకుని "చదవండి, చదవండి" అని చెయ్యి ఊపాడు.

"ఈ బడి నన్ను ఏనాడూ చిన్నచూపు చూడలేదు" అని చదివింది థాంగ్ టీచరు.

"చూసింది" అంది ఖిమ్. "అదిగో ఆ కుళాయి దగ్గర నిలబెట్టింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో నన్ను కుళాయి పిల్లా అని పిలిచినవాళ్లున్నారు. చేతులెత్తక్కర్లేదు, అన్నం తినండి."

నవ్వు ఆగిపోయింది. టేబుళ్ల మీద చాప్‌స్టిక్కులు కూడా ఆగాయి.

"మా టీచర్లు ఓపికగా నా పక్కన కూర్చుని..." థాంగ్ టీచరు గొంతు తగ్గించి చదివింది.

"కూర్చోలేదు. అంట్లు తోమడానికి పంపారు. పోయినవాళ్ల పేర్లు విందులో ఎత్తను. తర్వాతది చదవండి."

హెడ్మాస్టరు చాలు చాలని సైగ చేశాడు. థాంగ్ టీచరు ఆయన్ని చూసింది, కాగితాన్ని చూసింది. ఆ టీచరమ్మని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. ఆగకుండా చదివింది. "వారి చలవ వల్లే నా లోపం నాకు వరంగా మారింది."

"ఇందులో కొంత నిజముంది" అంది ఖిమ్. "అక్షరాలు నాకు పట్టుబడలేదు కాబట్టి నేను అన్నీ చూసి పట్టుకున్నాను, విని పట్టుకున్నాను. ఇవాళ మీరు తింటున్న వంట అలా నేర్చుకున్నదే. అది నా బలం, కాదనను. కానీ అది మీరిచ్చింది కాదు. నాకు చదివి వినిపించిన మనిషి ఒక్కడే, మా నాన్న. ఆయన కూడా లేకపోయుంటే? నాకు వంట రాకపోయుంటే? నేను ఏ గొప్పా లేని మామూలు మనిషినైతే, అప్పుడు నన్ను అక్కడ నిలబెట్టడం ఒప్పయ్యేదా? పిల్లలు ముందు ఏదో ఒక వింత చేసి చూపిస్తేనే మీరు మనుషులుగా చూస్తారా?"

వేదిక కింద ఎవరో "అమ్మో" అన్నారు. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను, చేతులకి చేప వాసన.

ఖిమ్ జనం వైపు తిరిగింది. "టీచరమ్మ చదివింది. నేను జవాబు చెప్పాను. మీలో ఎవరికైనా అన్యాయం జరిగిందా? ఏ టేబుల్లో అయినా ఎవరి ముద్దయినా తగ్గిందా?"

"లేదు!" అని ముసలి కూరగాయల వ్యాపారి కీచుగొంతుతో అరిచాడు.

"నా కూతురికి పరీక్షలో ఇదే కావాలి. ఎవరైనా ప్రశ్న పైకి చదవాలి, అది జవాబు చెప్తుంది. అంతే అడిగాను. 'చూద్దాం' అన్నారు." మైకు థాంగ్ టీచరు చేతిలో పెట్టి, వేదిక చివర ఆగి కూతురి వైపు చూసింది. "జూయున్, విన్నావుగా. తప్పు నీది కాదు. నాదీ కాదు." దిగి నేరుగా పొయ్యిల దగ్గరికి వెళ్లింది. చేపలు దించే వేళైంది.

హెడ్మాస్టరు పాటలు పెట్టించాడు. వినేవాడే లేడు. తన కష్టం అక్కడితో అయిపోయిందనుకున్నాడు గానీ, మా దగ్గర విందంటే ఇంటాయన గ్లాసు పట్టుకుని ప్రతి టేబులు దగ్గరికీ వెళ్లి అందరితో కలిసి తాగి రావాలి. ఒక్క టేబులు మానేసినా ఆ టేబులువాళ్లని అవమానించినట్టే. బడి విందులో ఇంటాయన హెడ్మాస్టరే. తప్పించుకునే దారే లేదు.

మొదటి టేబులు దగ్గర ఆయన గ్లాసు ఎత్తాడు. వాళ్లెవరూ ఎత్తలేదు.

"ముందిది చెప్పండి సార్. ఆ పిల్లకి చదివి వినిపిస్తారా, లేదా?"

"అదీ... పైవాళ్లని అడిగి..."

"మేం పైవాళ్లతో తాగట్లేదు సార్, మీతో తాగుతున్నాం."

"సరే, సరే. వినిపిస్తాం."

అప్పుడు గ్లాసులు లేచాయి. రెండో టేబులు దగ్గరా అదే ప్రశ్న. కూరగాయల వ్యాపారి టేబులు దగ్గరైతే, "నోటితోనే చెప్తారా సార్, కాగితం మీద రాసిచ్చిందేమైనా చదువుతారా?" అని ఆ ముసలాయన అడిగేసరికి చుట్టుపక్కలవాళ్లు విరగబడి నవ్వారు. నా పళ్లేలు సర్దడం సాగుతూనే ఉంది, నా చెవులు మాత్రం ఆయన వెనకాలే తిరిగాయి. టేబులు టేబులుకీ "వినిపిస్తాం, వినిపిస్తాం" అంటూ ఆయన మొహం కందగడ్డలా అయింది. బీరు వల్లో, సిగ్గు వల్లో నాకు తెలియదు. సిగ్గు వల్లేనైతే బాగుండు.

అన్నీ అయ్యాక వంట మేస్త్రికి గ్లాసు ఎత్తకుండా విందు ముగియదు. ఆయన మా పొయ్యిల దగ్గరికి వచ్చాడు. వెనకాల సగం ఊరు. ఖిమ్ పక్కన జూయున్ నిలబడి ఉంది, తల్లి చొక్కా అంచు పట్టుకుని.

"నీ కూతురికి తప్పకుండా చదివి వినిపిస్తాం మేస్త్రీ. ప్రత్యేకంగా, నా మాట మీద" అన్నాడు హెడ్మాస్టరు, గ్లాసు ముందుకు చాపి.

ఖిమ్ తన గ్లాసు తీసుకుంది. ఎత్తలేదు. కూతురి వైపు వంగింది.

"ఆటల టైములో నీతో పాటు లోపల కూర్చునేవాళ్లు ఇంకెవరున్నారే?"

ఆ పిల్ల హెడ్మాస్టరు వైపు చూసింది. మామూలుగా ఆయన కనపడితే గోడ పక్కకి నక్కే పిల్ల. ఇప్పుడు చొక్కా అంచు వదిలేసింది.

"వెన్‌ఖై ఉన్నాడు" అంది. "ఇంకా కింద క్లాసు సూయిన్. వెనక గదిలో ఉన్నవాళ్లు కూడా, వాళ్ల పేర్లన్నీ నాకొచ్చు. చెప్పనా?"

"చెప్పు. సారు వింటారు" అంది ఖిమ్.

జూయున్ చెప్పింది. ఒక్కో పేరూ ఆగి, గట్టిగా, వెనకాల ఉన్న జనానికి కూడా వినపడేలా చెప్పింది. ఆ పేర్లు అయిపోయేదాకా హెడ్మాస్టరు చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. జనంలో ఒకామె తన మనవడి పేరు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అందరికీ" అన్నాడాయన చివరికి. అప్పుడు ఖిమ్ తాగింది.

అందరూ చప్పట్లు కొట్టారు, హాన్ ఏడ్చింది, ఊరు ఊరంతా ఇదేదో పండగన్నట్టు సంబరపడింది. నాకు సంబరపడబుద్ధి కాలేదు. ప్రశ్న పైకి చదివితే సరిపోయే పనికి ఒక తల్లి తన సిగ్గంతా మైకులో విప్పి చూపించాల్సి వచ్చింది, ఒక పసిపిల్ల బీరు వాసనలో నిలబడి పేర్లు అప్పజెప్పాల్సి వచ్చింది. ఆ పేర్లు ఆ పిల్లకి తెలుసు. వాళ్ల టీచర్లకి తెలియవా?